సున్నా

జీడిపిక్కల మిషను బిగించడానికి
వియత్నాం నుంచి వొచ్చినాడట.
కాశీబుగ్గ రోడ్డు, ఒంటిగంట ఎండ.
నా పాక గుమ్మంలో బూట్లిప్పి
బల్ల మీద కూకున్నాడు.
మావోలెవులూ ఇప్పరు.

ఫోన్లోకి ఏదో గొణిగినాడు.
ఫోను ఆడమనిషి గొంతుతో, పుస్తకం సదివినట్టు,
"దయచేసి నన్ను వేయించండి" అన్నాది.
కళాసీలకి నవ్వుకి పొలమారినాది.
ఆడూ నవ్వినాడు, ఎందుకో తెలక.
అంతలోకి సిగ్నలు పోనాది.
ఆయమ్మ మరి నోరిప్పనేదు.

గోడకి బోర్డున్నాది.
పెయింటరు సన్నాసి మూడొందలు తీసుకొని
ఎర్రరంగుతో రాసినాడు.
ఆడు దానికేసి సూసి, నాకేసి సూసినాడు.
నానూ దానికేసి సూసినాను.
పంతొమ్మిదేళ్ళు ఈ పాక నడిపినాను,
ఆ ఎర్రగీతల్లో ఏది పకోడో ఏది పులుసో
నాకూ తెల్దు బావూ.

ఒకపాలి బరంపురం ఆసుపత్రి కాడ
ఒరియా రాక, ఆకలికి ఆగలేక
పక్కోడి కంచం ఏలెట్టి సూపించినాను.
ఆడు తిన్నదాని బిల్లూ నాకే ఏసినారు.
మాటొస్తే దెబ్బలాడుదును.
కట్టీసి వొచ్చినాను.

జేబులోంచి పెన్సిలు తీసి
పప్పు డబ్బా మూత మీద
గుండ్రంగా ఒకటి గీసినాడు.

సున్నా.
అక్షరాలు రావు గానీ అంకెలొచ్చు నాకు,
బాకీల లెక్క నానే సూస్తాను.
సున్నా అంటే ఏటీ వద్దని.
పాపం, డబ్బుల్లేవు గావాల అనుకొని
గళాసుడు మంచినీళ్ళు పెట్టినాను.
తాగినాడు.
పక్కన ఇంకో సున్నా గీసినాడు.
ఇంకో గళాసు పెట్టినాను.
అదీ తాగీసి
సున్నా లోపల సిన్న సున్నా గీసి
దాన్ని పచ్చపెన్నుతో కాదు, పక్కనున్న
పసుపు డబ్బాలో ఏలు ముంచి అద్దినాడు.

ఓలమ్మా! గుడ్డు!

రెండు గుడ్లు కొట్టి అట్టేసినాను.
కారానికి ముక్కు ఎగబీల్చుకుంటానే
ముక్క మిగల్చకండా తినీసినాడు.

మర్నాడు అందరూ పోనాక
పొయ్యెనక కూకొని
చోడంబలి, కాల్సిన మెత్తళ్ళు నంజుకుంటన్నాను.
అది నా తిండి. బోర్డు మీద ఉండదు.
తడిక కాడ నిలబడిపోనాడు.
కళ్ళు మూసుకొని వాసన పీల్సి
ఒక మాటన్నాడు.
ఊరి పేరో, తల్లి పేరో, సేప పేరో.
సగం ఆడి గిన్నెలో పోసినాను.
ఆ పూట ఇద్దరం పెన్సిలు ముట్టనేదు.

నాలుగు రోజులకి ఒక మాట నేర్సినాడు.
వొడ్డించినప్పుడల్లా కళాసీలు
"సాలు, సాలు" అని సెయ్యడ్డం పెడతారు గదా,
అది దండం లాంటిదనుకున్నాడు.
వొస్తానే గుమ్మంలో బూట్లిప్పి
నిండా నవ్వుతా
"సాలూ!" అంటాడు.
కళాసీలూ తిరిగి "సాలు బావూ" అంటారు.
నానెవుల్నీ దిద్దనేదు.

పదోనాడు మిషను తిరిగినాది.
ఏడుగురు ఆడోలు ఒలిసే పిక్కలు
అదొక్కర్తే ఒలుస్తాదట.
మా ఆడబిడ్డ నీలమ్మ ఏడుగురిలో ఒకర్తి.
జీడి సొన తిని నల్లబడ్డ ఏళ్ళు
ఒళ్ళో పెట్టుకొని
నా బల్ల మీద, ఆడు కూకునే కాడే కూకున్నాది.
గుమస్తా డిల్లేసు ఏటన్నాడే అని అడిగినాను.
"ఇంక సాలు, రేపట్నుంచి రాకండన్నాడు."

గుమ్మంలో బూట్ల సప్పుడు.
"సాలూ!"

నీలమ్మ తలెత్తి ఆడికేసి సూసినాది.
నాకేసి సూసినాది.
ఏటి సెప్పను? ఎవులికి, ఏ మాటల్లో?
ఆడు జరిగి కూకొని, దానికీ నవ్వుమొగం పెట్టి,
మూత మీద ఈపాలి
మూడు సున్నాలు గీసినాడు.
ఒకటి తన ముందరికి, ఒకటి దాని ముందరికి,
ఒకటి నాకేసి జరిపినాడు.

పెనం కాలతన్నాది.
గుడ్లు లెక్కెట్టినాను.
రెండే ఉన్నాయి.