నువ్వుగింజంత వంకర

కుడికంటికి శుక్లం తీసి పది వారాలు.
ఎడమకన్ను వంతు వసంతంలోనట.
అందాకా నాకు రెండు నారింజలు:
పాత కంటికి తేనెలో ముంచింది,
కొత్త కంటికి అప్పుడే ఒలిచింది.

నేను కార్లకు రంగులేస్తానని
డాక్టరుకి చెప్పలేదు.

టొలీడోలో రైలుపట్టాల వెనక నా షెడ్డు.
లోపల డెబ్బై ఒకటినాటి కారు,
పొడుగు ముక్కు, పొట్టి తోక.
ఇంజను ఊడదీసినా
ఎవరితోనో పందెం కాసినట్టే నిలబడి ఉంది.
హార్లన్ టిబెట్స్ తెచ్చాడు. మా అన్నది, అన్నాడు.
అన్న ఏమయ్యాడో చెప్పలేదు, నేనడగలేదు.
"ఎలా ఉండేదో అలా కావాలి."
అందరూ అనే మాటే అది.
ఎప్పుడు ఉన్నట్టో ఎవరూ చెప్పరు.

బానెట్ కింద రేకుముక్క మీద రంగు నంబరుంది.
దాని ప్రకారం దుకాణంలో డబ్బా కలిపిచ్చారు.
నంబరు ఇంటిపేరు లాంటిది,
మనిషి వేరు.
కప్పు మీద ఎండకి పాలిపోయి గుమ్మడి గుజ్జు,
తలుపు అంచున రబ్బరు కింద
ఇటుకకి మేనమామ పోలిక,
డిక్కీలో, స్పేర్ టైరు వెనక, ఎవరూ చూడరు కదాని
కొట్టీ కొట్టనట్టు కొట్టిన పల్చటి పూత.

పోస్టుకార్డంత రేకుల మీద చల్లి చూశాను.
చుక్క ఎరుపు, అరచుక్క పసుపు,
సూదిమొనకి అంటినంత నలుపు.
ట్యూబ్‌లైటు కింద కవలపిల్లలే,
తలుపెత్తి మంచు మీద పెడితే
ఒకరి ముఖం ఒకరెరగరు.
కుడికన్ను మూసి, తొమ్మిదోది అన్నాను.
ఎడమకన్ను మూసి, పన్నెండోది అన్నాను.
రెండూ తెరిస్తే ఇంట్లో తగువు.

అప్పుడు పాత చారలు తీశాను.
తలుపు నుంచి తోకదాకా సాగిన నల్ల చారలు,
వేడిగాలి పడితే పొలుసుల్లా లేచాయి,
జిగురు ముక్కిపోయిన వాసన.
కింద
యాభై ఏళ్లు వెలుగు సోకని నారింజ.
దాని ముందు రెండు కళ్లూ ఒక్కసారే
నోళ్లు మూసుకున్నాయి.
పద్నాలుగో రేకు దానికి సరిపోయింది.

ఇంకోటి కూడా కనిపించింది.
ఎడమ పక్క చార సమంగానే బయల్దేరి
వెనక దీపం చేరేసరికి
నువ్వుగింజంత కిందికి వాలింది.
షిఫ్టు ముగిసే వేళో, చలికి కొంకర్లు పోయిన వేళ్లో,
ఎవరి చెయ్యో, ఎవరికి తెలుసు.
నవ్వుకుని, సరిచేశాను.

కొత్త చార అంటించాలంటే సబ్బునీళ్లు చల్లాలి.
తడి ఉన్నంతసేపూ అది జరుగుతుంది,
మనసు మార్చుకోవచ్చు.
నీళ్లు తోసేశాక ఇక మాటంటే మాటే.
నడుమ నుంచి అంచులకి గాలి తోస్తూ,
మొండి బుడగకి సూది గుచ్చుతూ,
ఒక పక్కకి ఒక మధ్యాహ్నం.

శనివారం హార్లన్ వచ్చాడు.
చుట్టూ తిరిగాడు.
రంగు గురించి ఒక్క ముక్క లేదు.
(పద్నాలుగు రేకులు!)
ఎడమ పక్క గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు.
"నడీన్, ఇది వాలి ఉండేది.
కడిగినప్పుడల్లా మా డెల్బర్ట్ దీన్నే తిట్టేవాడు,
బకెట్టు పట్టుకుని నేను నవ్వేవాణ్ని."
మోకాళ్లు పట్టుకుని లేచాడు.
"బాగుందిలే. తిట్టడానికేం లేదు."

ఆయన వ్యాను మలుపు తిరగ్గానే
గోటితో అంచు లేపాను.
లేచిన చార మళ్లీ పనికిరాదు, సాగిపోతుంది.
ఇంకోటి రావడానికి ఆరు వారాలు.
డబ్బు నాదే, దాని గురించి ఆయనకి చెప్పను.

సూటిగా అంటించడానికి రెండు కొలతలు చాలాయి.
ఆ వంకరకి ఇప్పటికి పదకొండు తీశాను,
గోడమీద పెన్సిలుతో ఉన్నాయి,
పదకొండూ ఒకదానితో ఒకటి కలవవు.

కారు ఒక పక్క చారతో, ఒక పక్క బోసిగా.
చార వచ్చేసరికి ఎడమకన్నూ మారిపోతుందేమో.
షెడ్డు మూసేముందు రోజూ
కుడికన్ను చేత్తో కప్పుకుని
కాసేపు నిలబడతాను,
ఇంకా తేనెలో ఉండగానే.