వెనకబడిన చెప్పు

ముందు చెప్పింది చెప్పే.
మడమ పట్టీ లేని పసుపు తోలు చెప్పు,
వేళ్లు పట్టుకుంటేనే కాలితో వస్తుంది.
లరాష్ సంతలో పుదీనా కట్ట బేరమాడి
పది అడుగులు నడిచాక చూస్తే
మెన్నానా ఎడమ పాదం ఒంటరిగా వచ్చింది.
చేపలమ్మే కుర్రాడు కేకేశాడు:
"పిన్నీ, నీ చెప్పు నీతో రానంటోంది!"

నవ్వాం. ఆ రోజుకి అది నవ్వే.

తర్వాత గడప తగిలింది. తర్వాత తివాచీ అంచు.
పాదం నేలకి దిగే చప్పుడు మారింది,
టప్, టప్,
తడి గుడ్డ బండకేసినట్టు.
మోకాలు ఎత్తెత్తి వేస్తుంటే
పిల్లలు కోడిపుంజు అన్నారు.
అత్తగారు మాత్రం,
రాత్రిపూట తూములో దేవుడి పేరు తలవకుండా
వేడినీళ్లు పోశావు,
కిందున్న వాళ్లకి ఒళ్లు కాలింది,
నీ కాలు పట్టుకున్నారు, అంది.

నేను పక్కింటిదాన్ని. తోడు వెళ్లాను.
డాక్టర్ ఇల్హామ్ తొందరపడలేదు.
చక్కెర ఉందా? నడుములోంచి నొప్పి దిగుతోందా?
కాన్పులెన్ని, చివరిది ఎన్ని గంటలు?
గొంతు దగ్గర వాపు? ఒళ్లు తగ్గావా ఈ మధ్య?
మాంసం తింటావా, ఎన్నాళ్లకోసారి?
అన్నిటికీ చకచకా జవాబిచ్చిన మెన్నానా
మాంసం దగ్గర ఆగి నా వైపు చూసింది.
పండక్కి, అన్నాను నేను.
రాసుకుంది. రక్తం తీయించింది.
"ఒక్క కారణమే ఉండాలని లేదమ్మా."

ఆఖర్న అడిగింది: పనేంటి?
స్ట్రాబెర్రీ.
ఎలా కోస్తావో చూపించు.

గచ్చు మీద గొంతుక్కూర్చుంది మెన్నానా,
పొద్దుట ఆరు నుంచి మూడు దాకా కూర్చున్నట్టే,
పిక్కలు తొడలకి అతుక్కుని.
లేని ఆకుల్ని పక్కకి తప్పించి
లేని పండుని తొడిమతో గిల్లి
లేని పెట్టెలో పెట్టింది, నొక్కకుండా.
పండు నలిగితే కూలి కోస్తారు.

డాక్టర్ వంగి, మోకాలి బయటివైపు, కాస్త కిందగా
గుండీలాంటి ఎముక మీద వేలితో తట్టింది.
బొటనవేలి దాకా జివ్వుమందట.
"ఇక్కడ నరం చర్మం కిందే పోతుంది,
దానికి మరే కప్పూ లేదు.
సీజనంతా దాన్ని మడిచి దానిమీదే కూర్చున్నావు.
ఇదే అనుకుంటున్నాను. టాంజియర్‌లో కరెంటు పరీక్ష చేస్తేగాని తేలదు.
పేరు రాస్తాను, రెండు నెలలు పట్టొచ్చు.
ఈలోపు గొంతుక్కూర్చోకు,
కాలు మీద కాలు వేసుకోకు.
చాలామందికి బలం తిరిగొస్తుంది."
వచ్చేదాకా కూలెవరిస్తారో
చీటీలో ఎక్కడా లేదు, రెండు వైపులా చూశాను.

తిరుగు బస్సులో కిటికీ బయట
సముద్రం దాకా తెల్లటి ప్లాస్టిక్ గుడారాలు.
మెన్నానా తలగుడ్డ అంచు చింపి
చెప్పుని పాదానికి కట్టుకుంది.
"చూడు, వేళ్లు ఎత్తుతున్నాను" అంది.
చూశాను. ఏమీ కదల్లేదు.
"కొంచెం లేచాయి" అన్నాను.

అప్పుడు గమనించాను,
నా కాలు మీద కాలుంది.
దించాను.
అంగీ కింద, మోకాలి పక్కన
నా వేలు దానంతటదే
ఆ గుండీని వెతుక్కుంటోంది.
రేపు ఐదున్నరకి బండి నాకూ వస్తుంది.