పసుపు పిన్ను

ఎరుపు ఎర్రదాంట్లో, తెలుపు తెల్లదాంట్లో.
పసుపుది మాత్రం మెడ విరిగి వేలాడుతోంది.
టీవీ వెనక, గోడకీ బూజుకీ మధ్య
తల ఇరికించి శేషగిరి బాబాయి అడుగుతాడు,
"ఏమైనా వచ్చిందా?"
నీలం వచ్చింది బాబాయ్.
ఉత్త నీలం.

ఆ నీలంలోంచి ముందు కుక్కరు కూసింది.
తర్వాత పెరంబూరు స్టేషను దాటుతూ లోకల్ కూసింది.
రెంటినీ అణగదొక్కి
వకుళ పిన్ని గొంతు:
"ఒరే, ఆ పిల్లాడి ముక్కెవరైనా తుడవండి,
రేపు టీవీలో అదే కనపడుతుంది!"

ఎవరం కదల్లేదు.
పిన్ని మా పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో ఉంది,
మెడకి నూలు రుమాలు, ఒళ్లో పలక.
ఆపరేషనై పద్నాలుగు నెలలు.
కార్పొరేషన్ బడిలో ముప్పై ఏళ్లు
వీధి చివరి దాకా ఎక్కాలు వినిపించిన గొంతు
ఇప్పుడు సుద్దముక్కంత.
ఈ టేపు అటక మీంచి తీయించింది తనే.
అట్ట మీద తన రాతే: "పాడైంది."

బొమ్మ లేదు కనక
తలా ఒక బొమ్మ వేసుకున్నాం.
కుముద మూడో పుట్టినరోజు, అంతవరకు అందరికీ ఒప్పుదల.
గౌను ఆకుపచ్చదంటాను నేను.
కనకాంబరం రంగంటుంది కుముద, తొడుక్కున్నది తనే కనక.
ఆ ఏడుపు కుముదది కాదు, పక్కింటి సెల్విదంటాడు బాబాయి.
పిన్ని ఎవర్నీ దిద్దలేదు.
నాకు తెలిసి ఇదే మొదటిసారి.

మర్నాడు రిచీ స్ట్రీట్‌కి వెళ్లాను.
"పసుపొక్కటే విడిగా రాదు సార్,"
నెల్లూరు యాసలో సగం అరవం కలిపి అంగడతను,
"మూడూ అతుక్కుని పుట్టినాయి.
ఒకటి చస్తే మూడూ మార్చాల్సిందే."
ఎనభై చెప్పి అరవైకిచ్చాడు.
చింతాద్రిపేట వంతెన మీద బస్సు ఆగిపోయింది.
జేబులో వైరు చుట్ట తడుముకుంటూ
ఎవరి గౌను గెలుస్తుందో అనుకున్నాను.
బస్సు ఇంకాసేపు ఆగినా బాగుండుననీ అనుకున్నాను.

సాయంత్రం మళ్లీ బాబాయి గోడ సందులోకి.
ఎరుపు. తెలుపు. పసుపు.
టక్కున నీలం పోయింది.
నలుపు వచ్చింది.
మూలన అంకెలు మాత్రం బుద్ధిగా నడుస్తున్నాయి,
పన్నెండు నిమిషాలు, పదమూడు.
హెడ్డుకి మురికి పట్టిందంటూ
బాబాయి స్పిరిటు, దూది అడుగుతున్నాడు.
నలుపులోంచి పిన్ని అంటోంది,
"అబ్బ, ఎంత బాగా పడుతోందో!
అందర్నీ ఎక్కించేశాను,
ఒక్కర్నీ వదల్లేదు."

పక్కన పలక కిర్రుమంది.
"మూత తీయలేదు."

పిన్ని భుజాలు ఊగుతున్నాయి.
ఏడుస్తోందనుకుని కుముద లేవబోయింది.
నవ్వు.
చప్పుడు లేని నవ్వు, కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత.
ఆ రాత్రే తెలిసిందట.
అప్పు తెచ్చిన కెమెరా, బాబాయి కోపం,
అట్ట మీద ఒక అబద్ధం రాసి అటకెక్కించిందట.
ఇదంతా రాయడానికి పలక మూడుసార్లు నిండింది.

బాబాయి గోడ సందులోంచి బయటికి రాలేదు.
తిడతాడేమో అని చూశాం.
దూది చేత్తోనే ఉంది.
టీవీలో ఎవరో వడ ఇంకొకటి వెయ్యమంటున్నారు,
"ముందు పిల్లలకి," అంటోంది పిన్ని, గట్టిగా,
సెల్వి ఏడుస్తోందో, కుముద ఏడుస్తోందో.

పిన్ని చీరకొంగుతో పలక తుడిచింది.
పిల్లలకి పెట్టే పెద్ద అక్షరాల్లో
తీరిగ్గా, గుడి దీర్ఘాలు తప్పకుండా రాసి
బాబాయికి కనపడేలా ఎత్తి పట్టుకుంది:

"ఆ పసుపుది పీకెయ్యండి.
సౌండు పెంచండి."