ఏడు

ఆలీ ఊర్ల మట్టి కుప్పలు మస్తుంటయి.
కుప్పలంటే బొందలు. నాలుగు వేల ఏండ్లయిందట.
రోడ్డుకు అడ్డమొచ్చినయి తవ్వుతున్నరు.
జల్లెడ నాది.
ఎముకనో పెంకునో పూసనో తగిలితే
చెయ్యెత్తి నిలవడాలె.

మొన్న ఒకడు తగిలిండు.
మోకాళ్ళు కడుపుల పెట్టుకొని పక్కకు ఒరిగి,
మొఖం ముందట కుండ.
క్యాంపుల మీది బంకు మీద
ఏసీ నీళ్ళు కారుతయని గోడకు జరిగి
నేను పండుకునే తీరే.

మాపటీలి బెహ్‌రూజ్ చాయ్ దుకాణంల పంచాది:
వాడు ఆర్యుడా, కాదా?
"వాడు వాళ్ళకన్న పాతోడు" అన్నడు శశీంద్రన్,
"వాళ్ళు ఉత్తరాన గడ్డి బీళ్ళకెళ్ళి
గుర్రాలు, బండ్లు కట్టుకొని తర్వాత దిగిండ్రు."
వడ్లపని చేసే బలియా తివారి గ్లాసు ఠక్కున పెట్టిండు:
"ఎవ్వలు యాడికెళ్ళి రాలే. మా నదుల కాడనే పుట్టిండ్రు,
మా కాడికెళ్ళే అంతట పోయిండ్రు."
బెహ్‌రూజ్ మీసంల నవ్విండు:
"ఇరాన్ అన్న పేర్లనే ఆర్యులున్నరు కదా భాయ్!"
తాత లార్ నుంచి పడవల వచ్చిన ముచ్చట మళ్ళ మొదలువెట్టిండు.
కాదు, మంచు కొసకెళ్ళి అన్నడు ఇంకొకడు,
ఆర్నెల్లు పొద్దు పొడవని కాడికెళ్ళి.
నలభై ఆరు డిగ్రీల ఆ మాట ఇని
అందరికి జరసేపు సల్లగయింది.

నేనడిగిన:
వచ్చిండ్రో పోయిండ్రో, ఏజెంటుకు ఎంత కట్టిండ్రు?
ఆడోళ్ళను తోలుకొచ్చుకున్నరా, ఒక్కళ్ళే వచ్చిండ్రా?
నవ్విండ్రు. నేను నవ్వుటానికి అడగలే.

బెహ్‌రూజ్ గ్లాసులు లెక్కవెట్టిండు: పంజ్, శశ్, హఫ్త్.
తివారి మళ్ళ లెక్కవెట్టిండు: పాంచ్, ఛే, సాత్.
ఎన్నడో తప్పిపోయిన పాలోళ్ళ లెక్క
ఒకని మొఖం ఒకడు చూసుకున్నరు.
శశీంద్రన్: అంజు, ఆరు, ఏళు.
నేను: ఐదు, ఆరు, ఏడు.
ఆరు కాడ మేమిద్దరం చేతులు కలుపుకున్నం.
గల్లా కాడి అరబ్బు పోరడు సబా అన్నడు.
అది సాత్‌కు చుట్టమా అంటే ఎవ్వలు చెప్పలే.

తెల్లారి, తవ్వకం చూసే తెల్లామె
వాని చెవెనక ఎముక డబ్బిల పెట్టింది.
పొడి కొట్టి చూస్తే తాత ముత్తాతలు యాడోళ్ళో తెలుస్తదట.
నా నెత్తురు సుత తీసిండ్రు బొంబైల, విమానం ఎక్కకముందు.
ఫిట్ అని ముద్ర గొట్టిండ్రు.
యాడోన్నో చూడలే.

"నువ్వొచ్చి ఎన్నేండ్లు?" అన్నదామె, హిందీల, వచ్చీరాక.
నోట్లకెళ్ళి తెలుగే వచ్చింది: ఏడు.
మా దిక్కు లెక్క ఏడు, ఏడాది ఏడు,
జర సాగదీయకుంటే యాడ అని అడిగినట్టే ఉంటది.
ఆమెకు సమజ్ కాలే.
ఒక చెయ్యి నిండ వేళ్ళు, మీద ఇంకో రెండు చూపెట్టిన.
తలూపి, పుస్తకంల ఏదో రాసుకుంది.

జల్లెడ ఎత్తుకున్న.
వాని కుండల ఇంట్లోళ్ళు ఏం కట్టి పంపిండ్రో
ఇంక తియ్యలే.