కరగని కప్పు

బుధవారం పొద్దున్న చూస్తే
బ్యాంకు ఖాతాలో పడి ఉంది డబ్బు.
తలకి పన్నెండు వందల డాలర్లు,
పిల్లదానికి అయిదు వందలు.
చెప్పకుండా వచ్చిన చుట్టంలా కూర్చుంది,
ఎన్నాళ్ళుంటుందో అడగలేం.

స్కూలు వంటగదికి తాళం పడి నెలయింది నాకు.
రేనో వాళ్ళ రంపపు మిల్లు ఊపిరి బిగబట్టింది.
మిషిగన్ ఉత్తరపు కొసన, పెద్ద సరస్సు ఒడ్డున
ఏప్రిల్ అంటే ఇంకా మోకాటి లోతు మంచే.

కరెంటు బిల్లు వెనకవైపు జాబితా రాశాం.
ట్రక్కుకి టైర్లు, అతని చేతిరాత.
వెనక దవడ పన్ను, నాది.
క్రెడిట్ కార్డు అని ఒకేసారి అన్నాం,
ఒకేసారి కిటికీ వైపు చూశాం.
ఐలా ఓ మూలన కుక్కపిల్ల బొమ్మ వేసింది.
రాయడం రాక కాదు,
బొమ్మని కొట్టేయడానికి మాకు చెయ్యి రాదని.

ఎదురింటి డెల్లా ట్రెవారో
శుక్రవారానికల్లా గోడంత టీవీ దింపించుకుంది.
తప్పు పట్టను.
మొగుడు పోయిన ఇంట్లో
మాట్లాడే గోడ ఒకటి ఉండాలి.

ఆ రాత్రే అట్టపెట్టె కోసం అటకెక్కాను.
టార్చి వెలుగులో,
ఎప్పటివాళ్ళో పరిచిన దూది
ఎలుకలు పంచుకోగా మిగిలినంత.
కంతలోంచి ఒక చుక్క నన్నే చూస్తోంది.
పద్నాలుగేళ్ళు మేం కాల్చిన గ్యాసంతా
ఈ దారినే పోయి
ఆ చుక్కకి చలి కాచిందన్నమాట!
చిల్లికుండతో నీళ్ళు మోస్తూ
ఇన్నాళ్ళూ బావిని తిట్టాం.

"అటకలో పోస్తే ఎవరికి కనిపిస్తుంది?" అన్నాడు రేనో.
"గ్యాసు కంపెనీకి," అన్నాను.

ముప్పై ఎనిమిది బస్తాలు.
ఇరవై కొంటే ఊదే యంత్రం ఒకరోజు ఊరికే ఇస్తారు.
బస్తా కోస్తే, బూడిదరంగు నూగు,
పాత వార్తాపత్రికల పొట్టు.
ఒక తునక మీద సగం మాట దొరికింది:
మూసివే...
ఏ ఊళ్ళో ఏ మిల్లో.
యంత్రం నోట్లో వేశాను దాన్ని కూడా.
చెడ్డ వార్తలు కనీసం వెచ్చగా ఉండనీ.

పైన గొట్టం పట్టుకుని అతను,
కింద బస్తాలు కుమ్మరిస్తూ నేను,
నిచ్చెన మొదట్లో చీపురుకర్రతో ఐలా,
ఒకసారి కొడితే ఆపమని,
రెండుసార్లు కొడితే నాన్నకి దాహమని.
సాయంత్రం దిగొచ్చాడు రేనో
విభూతి పూసుకున్న బైరాగిలా.
పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ టోపీ పెట్టని మనిషి,
ఇంటికి పెట్టాడు.

మిగిలినదాంతో కార్డు సగం తీరింది.
పన్ను పీకించుకున్నాను, కట్టించుకోలేదు,
ఇప్పటికీ ఎడమవైపే నములుతాను.
టైర్లు పాతవే.
కుక్కపిల్ల ఫ్రిజ్ తలుపు మీద ఉంది,
ఎవరూ కొట్టేయలేదు.

జనవరి బిల్లు అరవై ఒక్క డాలర్లు తగ్గింది.
రేనో రెండుసార్లు చదివి
చొక్కా జేబులో పెట్టుకున్నాడు,
ప్రేమలేఖలు కూడా అలా దాచలేదు ఎప్పుడూ.

ఆ వారంలోనే తలుపు దబదబా బాదింది డెల్లా.
చేతిలో గుడ్డ చుట్టిన సూపు గిన్నె,
భుజం మీద రెండు దుప్పట్లు.
"వీధి వీధంతా కప్పులు కరిగి కారుతున్నాయి,
మీ ఒక్కరి కప్పు మీదే అడుగు మంచు అలాగే ఉంది.
పొయ్యి చచ్చిపోయిందా?
చెప్పొద్దూ నాకు!"

నవ్వాలో ఏడవాలో తెలీక
ఆవిణ్ణి లోపలికి లాగి తలుపేశాను.

నడిమింట్లో నిలబడి
ఒకసారి పైకప్పు వంక చూసింది,
ఒకసారి వట్టికాళ్ళతో తిరుగుతున్న ఐలా వంక.
ఇంకేం అడగలేదు.
మెల్లగా బొత్తాలు తీసి
కోటు విప్పి కుర్చీకి తగిలించింది.

మా ఇంట్లో చలికాలం
కోటు విప్పిన మొదటి చుట్టం ఆవిడే.