కార్జం రాసే చీటీ

చీమకుర్తి క్వారీలో మొదటి రాయి పేలకముందే
నా ల్యాబు షట్టరు లేస్తుంది.
పరగడుపు చేతులు వరసగా బల్ల మీదికొస్తాయి
గోళ్ళ సందున నల్లరాతి పొడి,
సూది దిగేచోట మాత్రం దూదితో తుడిచిన తోలు.

మూడో కుర్చీలో మా తమ్ముడు మాలకొండయ్య.
రాత్రి తాగిన వాసన
నోట్లో నమిలే సోంపు కింద దాక్కోలేదు.
పరగడుపంటే సోంపు కూడా కాదురా అంటే
తల ఊపుతాడు, నములుతాడు.

ఇరవై ఏళ్ళు తిట్టాను వీణ్ణి.
సారా ప్యాకెట్లు కుప్పబోసి కాల్చిన అమ్మ కడుపున
నువ్వెట్టా పుట్టావురా అని.
ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.
ఒక్కసారి మాత్రం, లారీ టైరుకి ఆనుకుని, అన్నాడు:
"మొదటి గ్లాసు నేనే తాగతానక్కా,
రెండోది ఎవుడు తాగతాడో తెలవదు."

నిన్న డాక్టరమ్మ తీరిగ్గా ఉండి
బిల్లు వెనక బొమ్మ గీసి చెప్పింది.
తీపి తగిలినా, మందు తగిలినా
కార్జం ఒక చీటీ రాస్తుందంట.
అది నెత్తుట్లో పడి ఈదుకుంటా మెదడు దాకా పోయి
ఇంక చాలు, అంటుందంట.
చక్కెర లెక్కలు సర్దేదాంట్లోనూ దానికో చెయ్యుందంట.
కొందరికి చీటీ మసక మసగ్గా పోతుందేమో,
కొందరికి అందినా చదివే దిక్కుండదేమో.
ఎలకల్లో చూశారు, కోతుల్లో చూశారు,
మనిషి సంగతి ఇంకా తేలాలమ్మా, అంది.
దాని పేరేదో ఇంగ్లీషు అక్షరాలు, చివర ఇరవై ఒకటి.
నాకు గుర్తున్నది చాలు అన్న మాటే.

మధ్యాన్నం ల్యాబులో ఎవరూ లేరు.
నా వేలు నేనే పొడుచుకున్నాను.
రెండొందల నలభై ఆరు.
డ్రాయర్లో ఒంగోలు నుంచి తెప్పించిన మైసూర్‌పాక్,
అరకేజీ డబ్బాలో రెండు ముక్కలు మిగిలాయి.
మొదటిది నేనే తిన్నాను.
తతిమ్మావి ఎవరు తిన్నారో.

సాయంత్రం వాడు రిపోర్టు కోసం వచ్చాడు.
వాడి కాగితం పక్కన నాది పెట్టాను.
చాలాసేపు చూసి, నవ్వాపుకోలేక,
"ఏందక్కా, నీ కార్జానికీ అక్షరమ్ముక్క రాదా?" అన్నాడు.

షట్టరు దించాం.
ఇంటికి రెండు దార్లు.
ఒకటి బ్రాందీషాపు ముందునుంచి,
ఒకటి మిఠాయి కొట్టు ముందునుంచి.
గ్రానైటు లారీ లేపిన దుమ్ము అణిగేదాకా
ఇద్దరం అక్కడే నిలబడ్డాం.