బ్రాడీపేట 4/14

మిరపయార్డులో కమీషన్ కొట్టువాళ్ళు
తూకానికి అమ్మేసిన కంప్యూటర్ అది.
మూత విప్పగానే ముగ్గురం తుమ్మాం,
నేనూ ఖాజావలీ యెలీషా.
ఫ్యాను రెక్కల మీద ఎర్రటి పొడి,
బోర్డు సందులో రెండు మిరపగింజలు.
హార్డ్‌డిస్క్ ఎప్పుడో చచ్చింది.
"గోడ కడతానన్నావుగా, పునాదేదీ?" అన్నాడు ఖాజావలి.
"ఫైర్‌వాల్ అంటే మంటగోడేగా,
గుంటూర్లో మంటకేం కరువు?" అని యెలీషా.

పునాది లేని గోడే కట్టాం.

ఎనిమిది రూపాయల సీడీలో
కెర్నలూ రూళ్ళూ చిన్న మెనూ
ముడిచి ముడిచి కుక్కాం.
మొదటి పదకొండూ పాడయ్యాయి.
యెలీషా వాళ్ళమ్మ వాటిని పెరట్లో
టమాటా మొక్కల మధ్య దారాలకి వేలాడదీసింది,
పిట్టలు బెదరాలని.
పన్నెండోది బూటయింది.

గోడంతా మెమరీలోనే నిలబడుతుంది.
కరెంటు పోతే కూలుతుంది,
వస్తే మొదటి రోజులా లేస్తుంది.
మే నెల. రోజుకి నాలుగు కోతలు.
ఎవడైనా దూరి లోపల ఏదైనా గీసిపోయినా
ఆ గీత మధ్యాహ్నం రెండింటి దాకానే.
ఆ సీడీ మీద ఇంకో అక్షరం రాయడం
మా వల్లే కాదు, వాడి వల్ల ఏమవుతుంది?
ఊరంతా తిట్టుకునే కరెంటాఫీసుని
ఆ నెలంతా నేనొక్కణ్ణే తిట్టలేదు.

మొదటి రూలు: ఎవర్నీ రానివ్వకు.
ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కో తలుపు.
అంకెల చిరునామాలు నాకేం కొత్త?
మా పేటలో ఇళ్ళు ఎప్పట్నుంచో అంకెలే,
గీతకి ఇటు లైను, అటు అడ్డరోడ్డు.
పోస్ట్‌మన్ ప్రభుదాసు ఒకసారి అటూ ఇటూ చేస్తే
ఎవరి శుభలేఖో మా ఇంటికొచ్చింది,
మా నాన్న వెళ్ళి భోంచేసి మరీ వచ్చాడు.
నేనూ అంతే. రెండు రూళ్ళ వరస తప్పి
నన్ను నేనే బయటపెట్టి గడియేసుకున్నా.
తెల్లవారుజాము మూడింటికి
నెట్ సెంటర్లో పన్నెండు తెరలూ గుడ్లప్పగించి నన్నే చూశాయి.

రాసిందంతా దాచకుండా అందరి ముందూ పెట్టేశాం.
కొత్తపేట నర్సింగ్‌హోమ్ మేనేజరు భయపడ్డాడు:
"ఊరికే ఇస్తున్నారంటేనే అనుమానం.
పైగా తాళం ఎలా చేశారో దొంగకి కూడా చెబుతారా?"
ఖాజావలి అన్నాడు:
"మా అబ్బా పట్నంబజార్లో తాళాలు బాగుచేస్తాడు సార్.
తాళం కడుపులో ఏముంటుందో బజారంతటికీ తెలుసు.
తెలియంది మీ చెవికున్న పళ్ళ వరసే."
ఆయన ఒక సీడీ తీసుకున్నాడు. నమ్మి కాదు,
ఎనిమిది రూపాయలేగా అని.

ఆగస్టులో ఒక ఉత్తరం వచ్చింది.
ఏ ఊరో తెలియదు, పేరు నోరు తిరగదు.
నూట ముప్పై ఏడో వరుసలో ఒక సున్నా తక్కువట.
చూశాను.
రెండు నెలలుగా మా మంటగోడకి
బార్లా తెరిచిన కిటికీ.
దూరగలిగినవాడే
తలుపు తట్టి చెప్పి వెళ్ళాడు.
ఆ రాత్రి టీ చల్లారిపోయింది, తాగలేదు.

ముందు నర్సింగ్‌హోమ్‌కి పరిగెత్తి
పాతది తీసి పదమూడోది పెట్టొచ్చాను.
సున్నా కలిపాం. ఆ పేరు కూడా కలిపాం,
పలకడం రాకపోయినా, మా మూడు పేర్ల కింద.

పన్నెండోది యెలీషా వాళ్ళమ్మ చేతికిచ్చాను.
అటూ ఇటూ తిప్పి ఎండలో చూసి
"ఇదొక్కటేనా? బెండకి కూడా వేశాన్రా ఈసారి" అంది.